తంబూరాని చప్పుడనుకున్న ల్యాప్‌టాప్

వారానికి నాలుగు రోజులు పొద్దున్నే ఆరింటికి నాకు వీణ క్లాసు ఉంటుంది. రాజమండ్రిలో పొద్దున ఆరంటే డల్లాస్‌లో ముందురోజు రాత్రి ఏడున్నర, న్యూజెర్సీలో ఎనిమిదిన్నర. నవంబరులో వాళ్ళు గడియారాలు వెనక్కి తిప్పుకున్నాక ఒక గంట తగ్గుతుంది, ఆ వారం ప్రతి ఏడూ ఎవరో ఒకరు క్లాసు తప్పిపోతారు. పిల్లలు ఆరుగురు. బడి, హోంవర్కు అన్నీ అయ్యాక, కళ్ళ మీదికి నిద్ర వస్తున్నా వీణ ముందేసుకుని కూర్చుంటారు. అందుకే ఆ నలభై నిమిషాల్లో ఒక్క నిమిషం నా వైపు నుంచి పాడైనా నాకు మనసు ఒప్పదు.

ఆ రోజు ల్యాప్‌టాప్ తెరిచేసరికి పిల్లల పెదాలు కదులుతున్నాయి, మాట వినపడటం లేదు. కింద స్పీకర్ బొమ్మ మీద ఎర్ర ఇంటూ గుర్తు. దాని మీద మౌస్ పెడితే ఆడియో డివైస్ ఏదీ లేదని చూపిస్తోంది. ముందురోజు రాత్రి పడుకునే ముందు ఏదో అప్‌డేట్ పడి దానంతట అదే రీస్టార్ట్ అయిందని తరవాత గుర్తొచ్చింది. ఆ పూటకి ఫోన్లో క్లాసు నడిపించాను. చిన్న తెరలో పిల్లల వేళ్ళు ఏ మెట్టు మీద ఉన్నాయో కనపడక చాలా టెన్షన్ పడ్డాను.

పదింటికి దగ్గర్లో ఉన్న రిపేరు షాపుకి తీసుకెళ్తే అతను ఐదు నిమిషాలు చూసి, "సౌండు చిప్ పోయిందమ్మా, బోర్డు మార్చాలి, పద్నాలుగు వేలవుతుంది" అన్నాడు. అంత డబ్బు మాట అలా ఉంచితే, స్క్రూ కూడా విప్పకుండా బోర్డు పోయిందని ఎలా చెప్పాడా అనిపించింది. ల్యాప్‌టాప్ వెనక్కి తెచ్చేసుకున్నాను.

మా అన్నయ్య కొడుకు హైదరాబాదులో కంప్యూటర్ పనిలోనే ఉన్నాడు. ఫోన్ చేస్తే వాడు అడిగిన మొదటి మాట, "అత్తా, వస్తువు పోయిందా, సాఫ్ట్‌వేర్ పోయిందా? ముందు అది తేల్చుకుందాం, డబ్బుల సంగతి తరవాత" అని. ఈ మొత్తం వ్యవహారంలో నాకు అన్నిటికంటే పనికొచ్చిన మాట అదే. తేల్చుకునే పద్ధతి కూడా వాడే చెప్పాడు. ఒక పెన్‌డ్రైవ్‌లో ఉబుంటు అని విండోస్ బదులు నడిచే వేరే సిస్టమ్ ఎక్కించి, ల్యాప్‌టాప్‌ని దాని నుంచే ఆన్ చేసి, ఇన్‌స్టాల్ జోలికి పోకుండా "ట్రై" అన్నది మాత్రమే నొక్కి, ఏదో ఒక పాట పెట్టి చూడమన్నాడు. విండోస్‌తో, దాని డ్రైవర్లతో (లోపలి భాగాలని నడిపించే చిన్న సాఫ్ట్‌వేర్లు) ఏ సంబంధం లేకుండా అది నడుస్తుంది కాబట్టి, అక్కడ శబ్దం వస్తే స్పీకర్లు, చిప్, వైర్లు అన్నీ బాగున్నట్టే. ఒకవేళ రాకపోతే మాత్రం చిప్ పోయిందని ఖాయంగా చెప్పలేం, ఆ సిస్టమ్‌కి ఈ చిప్ తెలియకపోవచ్చు కూడా అన్నాడు. ఇంకో జాగ్రత్త కూడా చెప్పాడు. ఈమధ్య ల్యాప్‌టాప్‌లలో డిస్కుకి బిట్‌లాకర్ తాళం వేసి ఉంటుంది, బూట్ సెట్టింగ్స్ మారిస్తే తిరిగి విండోస్‌లోకి వచ్చేటప్పుడు రికవరీ కీ అని పొడుగాటి నంబరు అడగొచ్చు. మైక్రోసాఫ్ట్ అకౌంట్లోకి వెళ్ళి ఆ 48 అంకెలూ ముందే కాగితం మీద రాసుకున్నాను. నన్నయితే అడగలేదు గానీ రాసిపెట్టుకోవడమే మంచిది.

పెన్‌డ్రైవ్ తయారవడానికి మధ్యాహ్నం మొత్తం పట్టింది, మా ఇంటి నెట్టు అంతే. సాయంత్రం దాని నుంచి ఆన్ చేసి పాట పెట్టగానే స్పీకర్లలోంచి శబ్దం వచ్చింది. పోయిన ప్రాణం లేచొచ్చినట్టయింది. పద్నాలుగు వేల బోర్డు బంగారంలా ఉంది.

ఇక విండోస్‌లో వెతకడం. స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి డివైస్ మేనేజర్ తెరిచాను. "సౌండ్, వీడియో అండ్ గేమ్ కంట్రోలర్స్" అన్న వరసలో మామూలుగా రియల్‌టెక్ ఆడియో అని సౌండు చిప్ పేరు ఒకటి ఉంటుంది, అది అసలు కనపడలేదు. నేను ఆ వరసలోనే తిరుగుతుంటే మా వాడు కిందికి రమ్మని, "సిస్టమ్ డివైసెస్" తెరవమన్నాడు. అక్కడ ఇంటెల్ స్మార్ట్ సౌండ్ టెక్నాలజీ అన్న పేరు పక్కన పసుపు త్రికోణం ఉంది. ఇది నాకు అర్థమయ్యేలా వాడు చెప్పలేకపోయాడు గానీ, నేను ఇలా అర్థం చేసుకున్నాను: ధవళేశ్వరం దగ్గర లాకులు మూసేస్తే కింద చేలకి నీళ్ళెలా వస్తాయి? ఇలాంటి ల్యాప్‌టాప్‌లలో సౌండు చిప్పూ, లోపలి మైకూ రెండూ ఆ ఇంటెల్ దారి వెనకాలే ఉంటాయి. దాని డ్రైవర్ పైకి లేవకపోతే కింద రియల్‌టెక్ ఉందన్న సంగతే సిస్టమ్‌కి తెలియదు. రియల్‌టెక్ డ్రైవర్ ఎన్నిసార్లు ఎక్కించినా లాభం లేదు. చాలామంది ఇక్కడే రోజుల తరబడి చిక్కుకుంటారు, ఎందుకంటే మనం సౌండు అనగానే సౌండు వరసలోనే చూస్తాం.

"రోల్ బ్యాక్ డ్రైవర్" అని ఒక బటన్ ఉంటుంది, పాత డ్రైవర్‌కి వెనక్కి వెళ్ళడానికి. నాకు అది నొక్కడానికి వీల్లేకుండా మసగ్గా ఉంది, పాతది దాచి ఉంచలేదన్నమాట. అందుకని ముందు ఒక రిస్టోర్ పాయింట్ (ఏదైనా చెడితే విండోస్‌ని వెనకటి స్థితికి తేవడానికి) పెట్టుకుని, ఆ పసుపు గుర్తున్నదాన్ని అన్‌ఇన్‌స్టాల్ చేశాను, డ్రైవర్‌ని కూడా తీసెయ్యమని అడిగే చిన్న గడిలో టిక్కు పెట్టి మరీ. అది పెట్టకపోతే రీస్టార్ట్ కాగానే ఆ చెడ్డ డ్రైవరే మళ్ళీ వచ్చి కూర్చుంటుంది.

రీస్టార్ట్ అయ్యాక శబ్దం వచ్చింది! కానీ గొంతు మారినట్టుంది. పలచగా, రేకుడబ్బాలోంచి వస్తున్నట్టు. లోపలి మైకు పేరు జాబితాలోనే లేదు. చూస్తే "హై డెఫినిషన్ ఆడియో డివైస్" అని ఉంది. అది విండోస్‌లోనే ఉండే సాదా డ్రైవర్, ఏ చిప్ అయినా కనీసం మోగేలా చేస్తుంది. ఈ ల్యాప్‌టాప్ స్పీకర్లు ఎంత చిన్నవో, వాటికి ఏ స్వరస్థాయి పెంచి ఏది తగ్గించాలో దానికి తెలియదు, అది తయారీ కంపెనీ ఇచ్చిన డ్రైవర్‌కే తెలుసు. డిజిటల్ మైకు కూడా ఆ ఇంటెల్ దారిలోనే రావాలి కాబట్టి రాలేదు. చాలామంది శబ్దం వచ్చింది కదా చాలనుకుని ఇక్కడ ఆగిపోతారు, ఆగకూడదు.

ల్యాప్‌టాప్ అడుగున ఉన్న మోడల్ నంబరు చూసుకుని, కంపెనీ సపోర్ట్ పేజీలో సరిగ్గా అదే మోడల్ కోసం ఇచ్చిన డ్రైవర్లు దించుకున్నాను. డ్రైవర్లన్నీ ఒకేచోట ఇస్తాం, ఒక్క క్లిక్‌తో సరిచేస్తాం అని నెట్లో కనిపించేవాటి జోలికి వెళ్ళొద్దని మా వాడు గట్టిగా చెప్పాడు, నేనూ అదే చెబుతాను. ముందు ఇంటెల్ స్మార్ట్ సౌండ్, రీస్టార్ట్, ఆ తరవాత రియల్‌టెక్, మళ్ళీ రీస్టార్ట్. ఈ వరసలోనే. రాత్రి పదిన్నరకి ఎర్ర గుర్తు పోయింది, మైకు వచ్చింది, స్పీకర్ల గొంతు వచ్చింది. హాయిగా పడుకున్నాను.

అసలు కష్టం మర్నాడు మొదలైంది.

సరళీస్వరాలు వాయిస్తున్న డల్లాస్ పాప ఒకటికి రెండుసార్లు ఆగిపోయింది. వాళ్ళమ్మగారు తెర ముందుకొచ్చి, "టీచర్ గారూ, మీరు తీగ మీటగానే ఒక్క క్షణం వినిపించి ఆగిపోతోందండీ, తంబూరా అయితే అసలు వినపడటమే లేదు" అన్నారు. శ్రుతికి నేను ల్యాప్‌టాప్‌లోనే తంబూరా యాప్ పెట్టుకుంటాను. నా చెవికి ఇక్కడ అంతా బాగానే ఉంది. నా వీణ బొబ్బిలి వీణ, ఒకే పనస దుంగలో తొలిచింది. మీటితే నాదం ఎంతసేపు నిలుస్తుందో ముప్ఫై ఏళ్ళుగా నాకు తెలుసు. అది అక్కడికి చేరేసరికి గొంతు నొక్కినట్టు ఆగిపోతోందంటే ఎంత బాధేసిందో చెప్పలేను. గమకం అంటేనే మీటిన తరవాత తీగని లాగి తీసే నాదం కదా. మీటు మాత్రమే వినిపించి ఆ తరవాతి నాదం పోతే పిల్ల ఏం నేర్చుకుంటుంది?

నేను వెతికిన పద్ధతి చెబుతాను, ఇది ఎవరికైనా పనికొస్తుంది. ఫోన్లోంచి రెండో మనిషిలా అదే మీటింగులో చేరి, ఇయర్‌ఫోన్లు పెట్టి ఆ ఫోన్ మా అమ్మ చేతికిచ్చి వెనక గదిలో కూర్చోబెట్టాను. నేను ముందు గదిలో మీటుతుంటే అమ్మ "వినపడింది", "ఆగిపోయింది" అని కేకేసి చెప్పేది. తరవాత మీటింగు లేకుండా ఉత్త సౌండ్ రికార్డర్‌లో అదే వాయించి విన్నాను. రికార్డర్‌లో కూడా కొంచెం కోత ఉంది, మీటింగులో ఇంకా ఎక్కువ ఉంది. అంటే కోసే చోటు ఒకటి కాదు.

సంగతి ఏమిటంటే, ఈ నాయిస్ తగ్గించే సాఫ్ట్‌వేర్లన్నీ మనిషి మాట కోసం తయారుచేసినవి. మాట ఎలా ఉంటుంది? పుడుతుంది, ఆగుతుంది, పైకి కిందికి కదులుతుంది. కదలకుండా ఒకే తీరున మోగేది ఏదైనా వాటి లెక్కలో ఫ్యానో, ఏసీనో, మిక్సీనో. తంబూరా చేసే పని సరిగ్గా అదే, కదలకుండా మోగడం. మన సంగీతానికి ఏది పునాదో దాన్ని అది చప్పుడుగా ఎంచి చిమ్మేస్తోంది. తీగ నాదం కూడా మీటిన కాసేపటికి స్థిరపడుతుంది కాబట్టి దాన్నీ అలాగే. ఆఫీసు మాటలకి అది నిజంగా మంచి సదుపాయమే, దాన్ని తప్పుపట్టను. కానీ వీణకి, వయొలిన్‌కి, శ్రుతి పెట్టుకుని పాడేవాళ్ళకి అది ఉండకూడదు.

నా ల్యాప్‌టాప్‌లో ఇది మూడు చోట్ల ఉంది. కొత్త డ్రైవర్‌తో పాటు కంపెనీ వాళ్ళ ఆడియో యాప్ ఒకటి వచ్చింది, అందులో మైకుకి ఏఐ నాయిస్ క్యాన్సిలేషన్ ఆన్‌లో ఉంది. పాత డ్రైవర్‌లో అది ఆఫ్‌లో ఉండి ఉంటుంది, అందుకే ఇన్నాళ్ళూ ఇంత కోత తెలియలేదు. రెండోది విండోస్ సెట్టింగ్స్‌లో సిస్టమ్, సౌండ్, అక్కడ మైకు పేరు నొక్కితే కింద "ఆడియో ఎన్‌హాన్స్‌మెంట్స్" అని ఉంటుంది, దాన్ని ఆఫ్ చేశాను. మూడోది మీటింగు యాప్. నేను జూమ్ వాడతాను. దాని ఆడియో సెట్టింగ్స్‌లో "ఒరిజినల్ సౌండ్ ఫర్ మ్యుజీషియన్స్" అని విడిగా ఒకటి ఉంది, సంగీతం వాళ్ళ కోసమే. అది పెడితే వడపోత లేకుండా మైకు పట్టింది పట్టినట్టు పంపుతుంది. దాని కిందే "హై ఫిడెలిటీ మ్యూజిక్ మోడ్" కూడా ఉంది, నెట్టు బాగుంటేనే పెట్టుకోవాలి. నేను వైఫై మానేసి రూటర్ నుంచి లాన్ వైరు లాగించాను. ఒక్క మాట గుర్తుంచుకోండి, సెట్టింగ్స్‌లో టిక్కు పెట్టినంత మాత్రాన చాలదు, మీటింగులో ఉన్నప్పుడు తెర పైన ఒరిజినల్ సౌండ్ ఆన్ అని ఉందో లేదో కూడా చూసుకోవాలి. నేను మొదటిరోజు ఇది చూసుకోలేదు, గంటసేపు ఏమీ మారలేదేమిటని బెంగపెట్టుకున్నాను.

ఆ మోడ్‌లో ఎకో తీసేసే పనిని కూడా ఆపుకోవచ్చు. అలా ఆపితే వీణ ఇంకా బాగుంటుంది. కానీ స్పీకర్లోంచి వచ్చే పిల్లల వీణ మళ్ళీ నా మైకులోకి వెళ్ళి వాళ్ళకే తిరిగి వినిపిస్తుంది. కాబట్టి హెడ్‌ఫోన్లు తప్పవు. ఇక్కడ ఇంకో చిక్కు. మా అబ్బాయి పుట్టినరోజుకి కొనిచ్చిన బ్లూటూత్ హెడ్‌ఫోన్లు పెట్టాను, పాటలు వింటే అద్భుతంగా ఉంటాయి అవి. మీటింగు మొదలవగానే శబ్దం పాతకాలం ట్రంకు కాల్‌లా అయిపోయింది. కారణం తెలిశాక సమాధానపడ్డాను. బ్లూటూత్‌లో పాటలు వినే పద్ధతి వేరు, ఫోన్ మాట్లాడే పద్ధతి వేరు. హెడ్‌ఫోన్లలో ఉన్న మైకు వాడటం మొదలవగానే రెండోదానికి మారిపోతుంది. అందులో శబ్దాన్ని సెకనుకి 8 వేల సార్లో, 16 వేల సార్లో మాత్రమే కొలుస్తారు. మామూలు సెట్టింగు 48 వేలు. తీగ మీది ఆ మెరుపంతా పైన ఉండే స్వరాంశాలది, అదంతా పోతుంది. వైరున్న హెడ్‌ఫోన్లకి మారిపోయాను. బ్లూటూతే కావాలంటే మీటింగులో మైకుగా ల్యాప్‌టాప్ మైకునే ఎంచుకుంటే సరిపోతుంది, కానీ శబ్దం కొంచెం ఆలస్యంగా చేరుతుంది, తాళం చెప్పేవాళ్ళకి అది పనికిరాదు.

మైకు లెవెల్ గురించి త్వరగా చెప్పేస్తాను. లెవెల్ 100లో ఉంది, దాని కింద బూస్ట్ 20 డెసిబెల్స్ ఉంది. మాటకి సరే, వీణ మైకుకి రెండడుగుల దూరంలో ఉంటే మీటు పడ్డప్పుడల్లా పగిలిపోతుంది. బూస్ట్ సున్నా చేసి లెవెల్ 70 దగ్గర పెట్టాను. మైకుకీ, స్పీకర్‌కీ రెండిటికీ అడ్వాన్స్‌డ్‌లో 48000 హెర్ట్జ్ (పైన చెప్పిన 48 వేలే) పెట్టాను.

తంబూరా ఇంకా పూర్తిగా రాలేదు. మీటింగు లేనప్పుడు ల్యాప్‌టాప్‌లో తంబూరా యాప్ నిండుగా మోగుతుంది, పిల్లలు కలవగానే పడిపోతుంది, క్లాసవగానే మళ్ళీ పెరుగుతుంది. రెండు రోజులు పట్టింది ఇది దొరకడానికి. సౌండ్ సెట్టింగ్స్ అడుగున "మోర్ సౌండ్ సెట్టింగ్స్" అని ఉంటుంది, అది నొక్కితే పాతకాలం కిటికీ ఒకటి తెరుచుకుంటుంది. అందులో నాలుగో ట్యాబు "కమ్యూనికేషన్స్". కంప్యూటర్లో కాల్ నడుస్తుంటే మిగతా శబ్దాలన్నీ 80 శాతం తగ్గించు అని అక్కడ ముందే పెట్టి ఉంటుంది. కాల్ అంటే పిల్లల క్లాసు, మిగతా శబ్దం అంటే నా తంబూరా! "డు నథింగ్" అన్నదానికి మార్చి ఓకే నొక్కాను. ఆ రోజు క్లాసు మొదలై పిల్లలందరూ కలిశాక కూడా శ్రుతి నిలబడి మోగుతుంటే నాకు కళ్ళు చెమర్చాయి.

చివరిగా మిగిలింది ఒక సన్నని హుమ్ము. వేరే ఎవరికీ తెలిసేది కాదేమో, నాకు తెలిసింది. నేను మూడు శ్రుతిలో వాయిస్తాను, అంటే పాశ్చాత్య సంగీతంలో E అనే స్వరం నాకు సా. ఈ హుమ్ము మంద్రస్థాయిలో సాధారణ గాంధారానికి పిసరంత పైన కూర్చుని ఉంది. నేర్పేది మాయామాళవగౌళ రాగం, అందులో ఉండేది దానికంటే పైదైన అంతర గాంధారం. పిల్లల చెవిలో తప్పు గాంధారం అదేపనిగా మోగుతుంటే ఎలా ఊరుకుంటాను? మా వాడితో అంటే వెంటనే పట్టేశాడు, "అత్తా, మన కరెంటు 50 హెర్ట్జ్, దానికి రెట్టింపు 100 కూడా ఎప్పుడూ వినిపిస్తుంది, నువ్వు చెప్పే గాంధారం 98 దగ్గర ఉంటుంది." ఛార్జరు పీకేశాను, హుమ్ము పోయింది. పెట్టాను, వచ్చింది. ఆ గదిలో ప్లగ్గు పాతది, మూడో కన్నం ఉంది గానీ దాని వెనక ఎర్తింగ్ వైరే లేదు. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఎర్తింగ్ లాగించేదాకా క్లాసు ముందు ఛార్జింగ్ నింపుకుని, ఛార్జరు తీసి నడిపించాను. లాగించాక ఇక రాలేదు.

ఇవన్నీ ఇప్పుడు ఒక నోటుబుక్కులో రాసి వీణ పక్కనే పెట్టుకున్నాను, డ్రైవర్ వెర్షన్ నంబర్లతో సహా. దించుకున్న డ్రైవర్ ఫైళ్ళు పెన్‌డ్రైవ్‌లో ఉన్నాయి. అప్‌డేట్ పడిన ప్రతిసారీ క్లాసుకి పావుగంట ముందు లేచి బుక్కు చూసి ఆ మూడు చోట్లా మళ్ళీ సరిచూస్తాను. మొన్న పండక్కి ముందు కూడా ఒకటి పడితే ఎన్‌హాన్స్‌మెంట్స్ తిరిగి ఆన్ అయి ఉన్నాయి.

పిల్లల తల్లిదండ్రులకి ఒకటే అడిగాను, స్పీకర్లు వద్దు, వైరున్న హెడ్‌ఫోన్లు పెట్టండి అని. నా వీణలో అన్నిటికంటే కిందిదైన అనుమంద్ర పంచమం తీగ మోగేది 62 హెర్ట్జ్ దరిదాపుల్లో, ల్యాప్‌టాప్ స్పీకర్లు అంత కిందికి దిగలేవు. అందరూ తెచ్చుకున్నారు. పోయిన బుధవారం జంటస్వరాలు చెబుతుంటే డల్లాస్ పాప వాయించడం ఆపేసి, "టీచర్, మీ కింది పంచమం కొంచెం తగ్గింది" అంది. మీటి చూసుకున్నాను. రాత్రి వానకి తీగ నిజంగానే దిగింది. "ఉండమ్మా" అని బిరడ తిప్పి, ఇప్పుడు చూడు అని మీటాను. ఏడు సముద్రాల అవతల ఆ పిల్ల కళ్ళు మూసుకుని విని, "ఊఁ, కలిసింది" అంది.